రాయి వైపుకి

పెద్దాయన పోయాడని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన గంటలోపే ఆయన దేవుడైపోయాడు. అమెరికాలో మా నేపర్‌విల్ తెలుగువాళ్ళ గ్రూపులో దండాలు, దీపాలు, ఓం శాంతులు వరస కట్టాయి. "చాలా సౌమ్యులు" అని ఒకావిడ రాసింది. ఆవిడ భర్త ముఖానికి వాలీబాల్ విసిరికొట్టి ముక్కులోంచి రక్తం కారేలా చేసిన మనిషి గురించే ఆ మాట. తర్వాత ఇంకొకాయన ఇడహో కథ ఎత్తుకున్నాడు. నదిలో పడవ మునిగిపోతుంటే ఒంటిచేత్తో అందరినీ కాపాడిన హీరో అట. ఆ పడవలో లేనివాళ్ళంతా ఆ కథని పంచుకుంటూ పోయారు.

నాకు ఒళ్ళు మండింది. ఫోను సోఫాలోకి గిరాటేశాను. ఆ పడవలో నేనున్నాను. ఆయన బతికుండగా ఎవరైనా ఆ కథ మొదలుపెడితే చేతిలో కాఫీ కప్పు ఎక్కడుంటే అక్కడ పెట్టి లేచి వెళ్ళిపోయేవాడు. అందరూ వినయం అనుకునేవాళ్ళు. వినయం ఆ మనిషి ఇంటి ఛాయలకి కూడా ఎప్పుడూ రాలేదు. నిద్రలోనే పోయాడట. అంత గొడవ మనిషి, చడీచప్పుడు లేకుండా పోయాడంటే నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన ఎముకల డాక్టరు. రిటైరయ్యాక కూడా చేతుల్లో బలం తగ్గలేదు. పొట్టి మనిషి, లావుపాటి మెడ, పచ్చడిబండల్లాంటి మణికట్లు. కొట్టబోయే ముందు ఆయనకో అలవాటుండేది. కుడి అరచెయ్యి ఒకసారి పంట్లానికి తుడుచుకునేవాడు. అది తెలిసినవాళ్ళం చటుక్కున వెనక్కి జరిగేవాళ్ళం. తెలియనివాళ్ళకి ఆ రోజు తెలిసేది. ఆ తుడుచుకోవడానికీ దెబ్బకీ మధ్య ఒక మాట అనేవాడు: "వింటావా, వినిపించమంటావా?" ఎవరు ఏం జవాబు చెప్పినా ఫలితం ఒకటే.

ఆయన నాకు కిరణ్ వల్ల పరిచయం. కిరణ్, నేను పిస్కాటవేలో చదువుకునే రోజుల్లో ఒకే రూమ్‌లో ఉండేవాళ్ళం. తర్వాత వాడు పెద్దాయన కూతురు సుధని పెళ్ళి చేసుకుని జార్జియాలో కమ్మింగ్‌లో స్థిరపడ్డాడు. నాకు నేపర్‌విల్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే ఫోన్‌లో, "మా మావయ్యగారు అక్కడే ఉంటార్రా. ఒంటరి మనిషి, అత్తయ్యగారు పోయారుగా. వెళ్ళి కనబడు. ఏమన్నా అంటే పట్టించుకోకు. ఏమన్నా చేస్తే మాత్రం పక్కకి జరుగు" అన్నాడు.

నేను జరగలేకపోయాను. ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో మొదటిసారి కలిశాం. పేపర్ ప్లేట్ పట్టుకుని వరసలో నిలబడి, చికెన్ వేపుడులో పెట్టిన గరిట తీసి పప్పులో ముంచాను. పక్క నుంచి ఇంకో గరిట వచ్చి నా వేళ్ళ మీద ఠంగున తగిలింది. "మాంసం తిననివాళ్ళున్నారురా ఇక్కడ, గాడిదా!" అన్నాడు ఒక పొట్టి ముసలాయన. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే నా చెయ్యి లాక్కుని ఒక్కో వేలూ నొక్కి చూశాడు. "విరగలేదు, పో. నొప్పి పుడితేనే మనిషి వింటాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేను నేర్చుకున్నది ఇదొక్కటే."

అట్లాంటి మనిషికి నేను ఎలా దగ్గరయ్యానో నాకే తెలియదు. ఆదివారాలు కాఫీకి వెళ్ళేవాణ్ణి. ఆయన ఇంట్లో వస్తువులకి కూడా ఆయనంటే భయం అనుకునేవాణ్ణి. ఒక చలికాలం మంచు తీసే మెషీన్ స్టార్టవకపోతే దాన్ని పారతో బాదాడు. మూత ఊడి, చక్రం వంగి, ఇంక ఎప్పటికీ స్టార్టవని స్థితికి వచ్చేదాకా బాదాడు. తర్వాత అదే పారతో తన డ్రైవ్‌వే, పక్కింటివాళ్ళది, ఆ పక్కన ఆయనతో మాటలు లేనివాళ్ళదీ శుభ్రంగా ఊడ్చి వచ్చాడు. చెరువు గట్టున బాతులు దారికి అడ్డంగా వస్తే కర్ర తీసుకుని వాటి మీద యుద్ధానికి వెళ్ళేవాడు. సిగ్నల్ దగ్గర హార్న్ కొట్టినవాడి కారు బానెట్ మీద గుద్ది, "దిగు!" అని తెలుగులో అరిచేవాడు. ఆ తెల్లవాడికి తెలుగు రాకపోయినా విషయం అర్థమయ్యేది. ఇన్సూరెన్స్ లేని కుర్రాళ్ళు మణికట్టు బెణికి వస్తే మాత్రం వంటగది బల్ల మీద కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా చూసేవాడు. వాళ్ళు అరిస్తే ఇంకో దెబ్బ వేసేవాడు.

ఇవన్నీ మేం పార్టీల్లో నవ్వుతూ చెప్పుకున్న కథలు. సుధ ఒక్కతే వీటికి ఎప్పుడూ నవ్వలేదు.

ఇడహో నాటికి సుధ నాలుగేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కలేదు. కూతురు మీరాకి మూడేళ్ళప్పుడు పాలగ్లాసు ఒలకబోసిందని ఈయన ఆ పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాడు. సుధ ఒక్క మాట మాట్లాడలేదట. పిల్లని చంకనేసుకుని, సూట్‌కేసు కూడా తీసుకోకుండా కారెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మీరా పుట్టినరోజులకి ఈయన పంపిన పార్సిల్స్ తిరిగి వచ్చేవి. అవి గరాజ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. విప్పని గిఫ్ట్ పేపర్ల మీద యునికార్న్ బొమ్మలు. ఆ మూల వైపు చూడకుండా కారు పార్క్ చేసేవాడు.

మధ్యలో కిరణ్ పడ్డాడు. వాడికి అందరూ కలిసి ఉండాలన్న పిచ్చి. ఒక ఆదివారం నేను కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. పెద్దాయన కొబ్బరి తురుముతున్నాడు. చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాడు.

"నాన్నా, ఇడహోలో ఒక రివర్ గార్జ్ ఉంది. కిరణ్ బోట్ టూర్ బుక్ చేస్తున్నాడు. మా అత్తగారు కూడా విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు. అది మీ ఇల్లు కాదు, మా ఇల్లు కాదు, అందుకే ఒప్పుకున్నాను. మీరా వస్తుంది."

ఆయన తురమడం ఆపేశాడు.

"ఒక్క కండిషన్. దాని ముందు మీరు ఎవరి మీదా గొంతు పెంచకూడదు. చెయ్యెత్తకూడదు. ఎవరి మీదా. ఒక్కసారి ఎత్తినా అదే ఆఖరు. ఇంక మీరు దాన్ని చూడరు."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరేనే."

ఫోన్ పెట్టేశాక తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నువ్వూ రా. ఇది లేస్తే పట్టుకో" అన్నాడు.

"మీ చెయ్యి నేను పట్టుకోవడమా అంకుల్? జరిగే పనేనా?"

"వింటావా, వినిపించమంటావా?" అన్నాడు. టికెట్ కొన్నాను.

బోయిసీలో విమానం దిగి, మర్నాడు పొద్దున్నే టూర్ కంపెనీ వాళ్ళ వ్యాన్‌లో కొండల్లోకి వెళ్ళాం. కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఇంకాసేపటికి తారురోడ్డు కూడా పోయింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క పాతాళం. కిటికీలోంచి కింద నది కనబడుతుంటే కిరణ్ వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంటూనే ఉంది.

రేవు దగ్గర దిగాక పడవల్లోకి గాలి కొడుతున్నారు. రబ్బరు పడవలు, అంచుల చుట్టూ తాడు, మధ్యలో గైడ్ కూర్చుని రెండు తెడ్లు వేసే రకం. నల్లటి రాతిగోడలు రెండు పక్కలా నిలువునా లేచి ఆకాశాన్ని సన్నగా కోసేశాయి. ఆ గోడల మధ్య నీళ్ళు పారడం లేదు, కొట్టుకుంటున్నాయి. మొదలు నుంచీ అక్కడ నిలబడి ఉన్న బండల్ని ఆ నది ఇంకా క్షమించనట్టు ఉంది. ఆ చప్పుడుకి పక్కన మనిషి మాట వినబడాలంటే చెవి దగ్గర అరవాలి.

సుధ వ్యాన్ చాటున నిలబడి మీరాకి లైఫ్ జాకెట్ పట్టీలు బిగిస్తోంది. నేను సాయానికి వెళ్తే తన ఎడమచేతి చిటికెన వేలు చూపించింది. చివర కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది ఆ వేలు. నేను ఎప్పుడూ గమనించలేదు.

"నైన్త్ గ్రేడ్. మ్యాథ్స్‌లో తక్కువ వచ్చిందని విరిచారు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే అడుగుతారుగా ఎలా విరిగిందని. అందుకని తనే కట్టు కట్టారు. చాలా బాగా కట్టారు. రోజూ మార్చేవారు, ప్రేమగానే. కొంచెం వంకర మిగిలింది, అంతే." తను ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఆయనతో ఆదివారాలు కాఫీ తాగుతావు, తాగు. నాకేం కోపం లేదు. కానీ అందరూ ఆయన కథలు చెప్పి నవ్వుతారు చూడు, అప్పుడు నాకు ఈ వేలు నొప్పెడుతుంది."

అవతల ఆ చేతుల మనిషి టోపీ పెట్టుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, గైడ్ చెప్పేది వింటున్నాడు.

గైడ్ పాతికేళ్ళ అమ్మాయి, ఎండకి ముక్కు మీద తోలు ఊడి ఎర్రగా ఉంది. ఆ నదిలో ప్రతి పడవ ఎక్కే ముందూ ఒక పాఠం చెప్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది 'హై సైడ్'. పడవ అడ్డంగా వెళ్ళి రాయికి కొట్టుకుంటే ఎవరికైనా రాయికి దూరంగా పారిపోవాలనిపిస్తుంది. అలా పారిపోతే ఆ బరువుకి ఎగువ నుంచి వచ్చే నీళ్ళు అటువైపు అంచుని తొక్కి పడవని తిరగేస్తాయి. అందుకని తను 'హై సైడ్' అని అరవగానే అందరూ రాయి వైపుకే దూకాలి, రాయిని వాటేసుకోవాలి. ఆ అమ్మాయి ఇది రెండోసారి కూడా చెప్పింది. కిరణ్ అప్పటికి కెమెరా నెత్తికి బిగించుకుని వ్యాన్ అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఏవంటోందిరా ఆ పిల్ల?" అని వాళ్ళమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా, గట్టిగా పట్టుకుని కూర్చోమంటోంది."

పెద్దాయన తల గిర్రున కిరణ్ వైపు తిరిగింది. మెడలో నరం లేచింది. మామూలుగా అయితే ఆ క్షణంలో కిరణ్ నెత్తి మీద కెమెరా నదిలో ఉండేది, వాళ్ళమ్మకి హై సైడ్ అంటే ఏమిటో జన్మజన్మలకీ గుర్తుండేది. ఆయన అరచెయ్యి పంట్లాం దాకా వెళ్ళింది. ఎదురుగా మీరా నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. పడవ ఎక్కాక దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మూసుకుని ఉండటం ఆ మనిషికి ఎంత కష్టమో ఆ పడవలో నాకూ సుధకీ మాత్రమే తెలుసు.

మొదటి గంట మహా బాగా గడిచింది. నిజం చెప్పాలంటే నాకు ఆ గంటే ఎక్కువ గుర్తు. మీరాకి ఏడేళ్ళు. పక్కన కూర్చున్న ఈ కొత్త తాతని మొదట దూరం నుంచి పరీక్షించింది. తర్వాత నీళ్ళ తుపాకీతో ఆయన ముఖం మీద సూటిగా కొట్టింది. పడవలో అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. "మళ్ళీ కొట్టు, కంటికి తగల్లేదు" అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ మనిషికి నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. "తాతా, యువర్ నోజ్ ఈజ్ బర్నింగ్" అని పిల్ల తన సన్‌స్క్రీన్ తీసి ఆయన ముక్కుకి పులిమింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. సుధ ముఖం తిప్పుకుంది. తన కళ్ళల్లో నీళ్ళు చూశాను.

ఒక మలుపు తిరిగాక నీళ్ళు సద్దుమణిగాయి. పచ్చగా, లోతుగా, మడుగులా ఉంది. కిరణ్ వాళ్ళమ్మకి అప్పటికి ధైర్యం వచ్చింది. జాకెట్ లోపల్నుంచి చిన్న పర్సు తీసింది.

"రైల్లో గోదారి దాటేప్పుడు వెయ్యకుండా ఊరుకుంటామా? ఇదీ గంగమ్మే కదరా. పట్టుకోండి, తలా ఒకటి. మీరా, నువ్వు ముందు వెయ్యమ్మా, దణ్ణం పెట్టుకుని."

చిల్లర చేతులు మారింది. ఎడమ వైపు లోతు ఎక్కువని అందరం అటు చేరాం. పిల్లకి కనబడాలని సుధ లేపి నిలబెట్టింది. కిరణ్ వీడియో కోసం ఇంకా పక్కకి జరిగి తెడ్డు మీదే మోకాలు ఆనించాడు. పెద్దాయన కుడి వైపే కూర్చుని, "కూర్చోండమ్మా" అన్నాడు. మెల్లగా అన్నాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా అన్నాడు, ఎవరూ వినలేదు. గైడ్ "సిట్ డౌన్! సిట్ డౌన్!" అని అరుస్తోంది. తెడ్డు కదపలేకపోతోంది. పైసలు నీళ్ళలో పడ్డాయి. గంగమ్మకి దణ్ణం పెట్టుకుని తలెత్తేసరికి మడుగు అయిపోయింది.

పడవ అడ్డం తిరిగి ఇల్లంత బండకి వెళ్ళి కొట్టుకుంది. ఆ చప్పుడు నా పళ్ళలో మోగింది. గైడ్ "హై సైడ్!" అని గొంతు చించుకుంది. రాయి నల్లగా మా ముఖాల మీదికి వచ్చింది. మేం అందరం, ఒక్కరు మిగలకుండా, రాయికి దూరంగా పారిపోయాం. గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. మా వైపు అంచు నీళ్ళ కిందికి దిగిపోయింది. నది మా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. అటువైపు అంచు ఆకాశంలోకి లేస్తోంది.

అప్పుడు ఆయన లేచాడు.

మొదట కిరణ్‌కి తగిలింది. మోచెయ్యి నోటి మీద పడింది, పన్ను విరిగి నీళ్ళలో పోయింది, ఎర్రగా ఉమ్ముకుంటూ వాడు రాయి వైపుకి దొర్లాడు. తర్వాత నేను. నా చెయ్యి పట్టుకుని బస్తా విసిరినట్టు విసిరాడు, భుజం కీలు ఊడిపోయిన చప్పుడు నాకు నదిని మించి వినబడింది. వియ్యపురాలిని కొప్పు పట్టుకుని ఈడ్చాడు. ఆవిడ "అన్నయ్యగారూ! అన్నయ్యగారూ!" అని కేకలు పెడుతూనే వచ్చి నా మీద పడింది. నోరు మూతపడిన మనిషి కాదు ఇప్పుడు. వినిపిస్తున్నాడు. తిట్లన్నీ ఒకేసారి బయటికి వస్తున్నాయి.

మిగిలింది సుధ. ఒక చేత్తో పిల్లని అదుముకుని, ఇంకో చేత్తో నీళ్ళలో మునిగిన తాడుని పట్టుకుంది. బిగుసుకుపోయింది. ఆయన వదలమని అరిచాడు. వదల్లేదు. చెంప మీద కొట్టాడు. ముఖం పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. మీరా ఆ రెండు ముఖాల మధ్య ఉండి ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. పిల్లని జాకెట్ మెడ పట్టుకుని పీకి మా మీదికి విసిరాడు, సుధని జబ్బ పట్టుకుని లాగి తను కూడా వచ్చి రాయి వైపు పడ్డాడు. అందరం గుట్టగా ఆ బండని వాటేసుకున్నాం. పడవ ఒక్క క్షణం ఎటు పడాలో ఆలోచించింది. తర్వాత రాయిని రాసుకుంటూ జారి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ నీళ్ళ మీద తేలింది.

కొంచెం దిగువన ఇసుక మేట ఉంటే అక్కడ ఆపారు. మా కంపెనీవే ఇంకో రెండు పడవలు కూడా వచ్చి ఆగాయి. గైడ్ పెద్దాయన్ని కావలించుకుని, "యూ సేవ్డ్ ఎవ్రీబడీ, సర్" అని ఏడ్చింది. ఆయన ఆ అమ్మాయిని పక్కకి తప్పించి నా దగ్గరికి వచ్చాడు. నన్ను పడుకోబెట్టి, చంకలో తన పాదం ఆనించి, చెయ్యి పట్టి లాగాడు. నేను పెట్టిన కేక రాతిగోడల్లో ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చింది. భుజం టక్కున కూర్చుంది. ఇప్పటికీ వాన ముసురు పడితే లాగుతూ ఉంటుంది.

"నన్ను జుట్టు పట్టి ఈడ్చాడురా! ఆడకూతుర్ని!" అని కిరణ్ వాళ్ళమ్మ ఏడుస్తోంది. కిరణ్ నోటికి టవల్ అడ్డం పెట్టుకుని, "బతికాం కదమ్మా, ఊరుకో" అంటున్నాడు, మాట సరిగా రావడం లేదు. మీరా తల్లి వెనకాల నక్కి ఉంది. ముక్కుకి సన్‌స్క్రీన్ ఇంకా అంటుకుని ఉన్న తాతని చూసి, "వై డిడ్ యూ హిట్ మై మామ్?" అని అడిగింది. ఆయన వెళ్ళి నీళ్ళ అంచున ఒక రాయి మీద కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకోవాల్సినవాణ్ణి నేను, నా చెయ్యే మెళ్ళోంచి గుడ్డకి వేలాడుతోంది. "అంకుల్, మీరు లేకపోతే పోయేవాళ్ళం. సుధకి తెలుసు. ఏం భయపడకండి" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. పడవ తిరగబడలేదు, ఎవరూ మునగలేదు. కొట్టకపోతే ఏమయ్యేదో ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మాకు కనబడుతున్నవల్లా విరిగిన పన్ను, ఊడిన భుజం, వాచిన చెంప. అయినా నేను ఆయన పక్షమే.

సుధ వచ్చింది. పిల్లని కిరణ్ దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. ఎడమ చెంప మీద వేళ్ళ అచ్చులు పడి ఉన్నాయి, ఆ పక్క కన్ను సగం మూసుకుపోయింది. నేను లేవబోతే ఉండమని సైగ చేసింది. సాక్షి కావాలనుకుందేమో.

"నాన్నా, ఒకటి అడుగుతాను. పడవ కోసం కొట్టారా?"

ఆయన నీళ్ళ వైపు చూస్తున్నాడు. అవును అంటే చాలు. మేమంతా అదే అంటున్నాం. ఆ గైడ్ పిల్ల కూడా అదే అంటోంది. నేను మనసులో అనమని ఆయన్ని బతిమాలుతున్నాను.

"మొదటిది పడవ కోసం" అన్నాడు.

సుధ కదల్లేదు.

"మొదటి దెబ్బకే నువ్వు తాడు వదిలేశావు. నాకు కనబడింది. నీ వేళ్ళు తెరుచుకోవడం నేను చూశాను. తర్వాత రెండూ పడవ కోసం కాదు. చెయ్యి మొదలెట్టింది, ఆగలేదు. ఆపలేదు నేను. కొట్టాలనిపించింది, కొట్టాను."

నది అంత చప్పుడు చేస్తున్నా ఆ మాటలు చాలా స్పష్టంగా వినబడ్డాయి. నాకు ఆయన మీద పిచ్చి కోపం వచ్చింది. ఎవరడిగారు ఇంత నిజం? అని అరవాలనిపించింది. గరాజ్‌లో ఆ పార్సిల్స్ గుర్తొచ్చాయి.

"వదిలేశానని నాకు గుర్తే లేదు" అంది సుధ. "అవునని చెప్పుంటే నమ్మేదాన్ని నాన్నా. మీరాకి కూడా అలాగే చెప్పేదాన్ని. తాత మనల్ని కాపాడాడని."

"తెలుసు."

"మరి?"

"నీ వేలు విరిగినప్పుడు మీ అమ్మకి ఏం చెప్పానో గుర్తుందా?"

"నేను మెట్ల మీద పడ్డానని."

"ఆవిడ పోయేదాకా అదే నమ్మింది. ఇంక చాలు."

సుధ ఏడ్చింది. నిలబడే ఏడ్చింది, ముఖం కూడా కప్పుకోకుండా. ఆయన ముందు ఏడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. చిన్నప్పుడు ఏడిస్తే ఇంకా పడేవట. ఆయన చెయ్యి కొంచెం లేచింది, తల నిమరడానికే అయ్యుంటుంది. సుధ చటుక్కున ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తనకి తెలియకుండానే పెట్టుకుంది. ఆయన చెయ్యి అలాగే ఆగి, తన ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"మాట మాటే నాన్నా" అంది, కళ్ళు తుడుచుకుని.

"మాటే" అన్నాడు. "అదే మంచిది."

ఆ లోయలోంచి బయటపడటానికి నది ఒక్కటే దారి. ఆయన లేచి వెళ్ళి గైడ్‌తో ఏదో చెప్పి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పడవ ఎక్కి కూర్చున్నాడు. మాది వెనక బయల్దేరింది. సాయంత్రం దాకా ఆ పడవ మా ముందే ఉంది. రాతిగోడల మధ్య ఆయన టోపీ కనబడుతూ, మలుపుల్లో మాయమవుతూ, మళ్ళీ కనబడుతూ ఉంది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. సుధ ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు.

అరుపులకి మీరా గొంతు పోయింది. తల్లి ఒళ్ళో ముడుచుకుని ముందు పడవనే చూస్తూ, చివరికి బొంగురు గొంతుతో అడిగింది.

"మమ్మీ, తాత టైమౌట్‌లో ఉన్నాడా? నన్ను ఒక్కదాన్నే కూర్చోబెడతావే, అలాగా?"

"ఊఁ."

"హౌ లాంగ్?"

ఆయన పోయేదాకా అని అప్పటికి సుధకి కూడా తెలియదు.